జన్మస్థలమును విడుచుట ధర్మమా?

గృహస్థుని జీవితమున జరుగు ప్రతి కార్యమునకును మన పూర్వులు ఒక విధిని నిర్దేశించియున్నారు. ప్రయాణమునకు తిథివార నక్షత్రములు చెప్పిరి. గృహప్రవేశమునకు మాసములు చెప్పిరి. వారశూలలు కూడ విడువక చెప్పిరి. కాని పుట్టిన ఊరు విడిచి వేరొక నగరమున స్థిరపడవచ్చునా, పడరాదా అను ప్రశ్నకు పంచాంగము సమాధానమీయదు. మంచిదినము పెట్టించుకొనుటకు వచ్చు గృహస్థులలో పలువురకు నిజముగా కావలసినది ముహూర్తము కాదు. పోవుట న్యాయమా, ఉండుట న్యాయమా అను నిశ్చయము వారికి కావలెను. అది దొరకక దినమును మాత్రము వ్రాయించుకొని పోవుచుందురు.

మా నిజామాబాదు సీమలో ఈ ప్రశ్న ఇంటింట కలదు. ఇందల్వాయికి రైలుమార్గము కలదు, 44వ జాతీయ రహదారియు కలదు. రెండును హైదరాబాదునకు కొనిపోవునవే. ఆర్మూరు, భీమ్‌గల్ ప్రాంతముల నుండి 1970ల తరువాత గల్ఫ్ దేశములకు పోయినవారు వేలకొలది. బోధను సంగతి మరియొకటి. 1937లో అచ్చట నిజాము చక్కెర కర్మాగారము వెలసినది. దానిని ఆశ్రయించి శక్కర్‌నగర్ ఏర్పడినది. ఒకప్పుడు ఆసియాఖండముననే పెద్దదని పేరువడసిన ఆ కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు పోయి, 2015 డిసెంబరులో ఆగిపోయినది. దానిని నమ్ముకొని రెండు మూడు తరములుగా జీవించిన కుటుంబములకు ఆనాడు ఎదురైన ప్రశ్నయే ఈ వ్యాసమునకు విషయము. తండ్రి, "ఈ ఇల్లు విడిచి నేను రాను" అనును. కొడుకు, "ఇచ్చట నుండి ఏమి తిందుము బాపూ?" అనును. ఇద్దరి మాటలోను ధర్మము కలదు. అందువలననే ఇది కఠినమైన ప్రశ్న.

పెద్దల మాట రెండు విధములుగా నున్నదా?

ఉండవలెనను పక్షమునకు మహాభారతమే సాక్ష్యము చెప్పుచున్నట్లు తోచును. అరణ్యపర్వమున యక్షుడు, లోకమున ఎవడు సుఖియని ప్రశ్నింపగా, అప్పు లేనివాడును, పరదేశవాసము లేనివాడును, ప్రొద్దుపోయిన పిదపనైనను తన ఇంట కూరాకు వండుకొని తినువాడును సుఖియని ధర్మరాజు సమాధానము చెప్పెను. ఇంతకంటె స్పష్టముగా ఏమి చెప్పవలెను?

పోవలెనను పక్షమునకు నీతిశాస్త్రము తోడుపడుచున్నది. తండ్రి త్రవ్వించిన బావి యను అభిమానముతో ఉప్పునీరు త్రాగుచు కూర్చుండువానిని నీతికారులు అల్పుడనియే నిందించిరి. గౌరవము, జీవనోపాయము, బంధువులు, విద్యాలాభము ఇవి లేని చోట నివసింపరాదనియు వారే చెప్పిరి.

ఈ రెండింటికి విరోధము లేదు. ధర్మరాజు ఆ మాట పలికినది హస్తినాపురమున సింహాసనముపై కూర్చుండి కాదు. పండ్రెండేండ్ల వనవాసము ముగియు సమయమున, తమ్ములు నలుగురును మడుగు గట్టున పడియుండగా పలికెను. ఆ మాట పలికినవాడే ప్రవాసి. ప్రవాసము దుఃఖమని యెరిగియు సత్యమునకై దానిని భరించుచున్నవాడు. కనుక ఇంట నుండుట సుఖమని ఆయన చెప్పెనే గాని, ఎల్లప్పుడును ఇంటనే యుండుట ధర్మమని చెప్పలేదు. సుఖము వేరు, ధర్మము వేరు. నీతికారుడును బావిని విడువుమనలేదు. ఉప్పునీటిని తీపియని తనను తాను మోసగించుకొనవలదనెను. అట్లయిన ధర్మమును నిర్ణయించుటకు కొలమానమేది? దానికై దూరము పోనక్కరలేదు. మా బోధనుననే ఒక గాథ కలదు.

ఏకచక్రపురము

బోధనునకు ఏకచక్రపురమని పూర్వనామమనియు, లక్కయిల్లు దాటి వచ్చిన పాండవులు అచ్చటనే బ్రాహ్మణవేషముల వసించిరనియు, భీమసేనుడు బకాసురుని అచ్చటనే చంపెననియు మా ప్రాంతపు ఐతిహ్యము. ఆ పేరు తమదియే యని చెప్పుకొను ఊళ్ళు భరతఖండమున మరికొన్ని కలవు. శ్రీ నిత్యానంద ప్రభువు జన్మించిన వంగదేశపు ఏకచక్రము వానిలో నొకటి. ఏది అసలుదను వాదము మనకు వలదు. ఊరు విడుచుటను గూర్చి వ్యాసభగవానుడు ఆ కథలో ఏమి చెప్పెనో చూతము.

బకునకు ప్రతిదినము ఒక బండెడు అన్నము, రెండు దున్నపోతులు, ఆ బండి తోలుకొనిపోవు మనుష్యుడు ఆహారము. ఇంటికొక వంతు. పాండవులకు ఆశ్రయమిచ్చిన బ్రాహ్మణుని వంతు వచ్చినది. ఆ ఇంటిలో ఏడ్పు వినబడినది. ఆ బ్రాహ్మణుడు భార్యతో పలికిన మాటలను మనలో పలువురము గమనింపక దాటిపోవుదుము. క్షేమమున్న చోటికి పోదమని తాను మునుపు పలుమార్లు బ్రతిమాలెననియు, ఇచ్చట పుట్టి పెరిగితిని, నా తండ్రి ఇచ్చటనే యున్నాడని ఆమె వినలేదనియు, ఇప్పుడు ఆ తండ్రియు తల్లియు స్వర్గస్థులైరి, బంధువులును గతించిరి, ఇక ఈ ఊరిలో ఏమి ప్రీతి మిగిలినదనియు అతడు వాపోయెను. నేడు మన ఇండ్లలో జరుగు వాదమే అది. వేల సంవత్సరములైనను దానిలో ఒక్క మాట మారలేదు.

ఇక్కడ కథ ఆగియుండిన, ఊరు విడువనివారు మూర్ఖులని భారతము తీర్పు చెప్పినట్లగును. కాని కథ ఆగలేదు. భార్యను పంపి తాను బ్రతుకజాలనని భర్త యనెను. నేను పోయెదను, బిడ్డలను మీరు పెంపుడని భార్య యనెను. ఎప్పటికైనను పరుల ఇంటికి పోవలసినదానను నన్ను విడువుడని కూతురనెను. మాటలైన సరిగా రాని పసివాడు గడ్డిపరక చేతబట్టి రాక్షసుని దీనితో చంపెదననెను. అంతట కుంతీదేవి వచ్చి నా కొడుకు పోవునని చెప్పగా, అతిథిని బలియిచ్చి నా ప్రాణము కాపాడుకొనజాలనని ఆ బ్రాహ్మణుడు నిరాకరించెను. ఊరు విడుచుటను గూర్చి ఆ దంపతులు తప్పు నిర్ణయము చేసియుండవచ్చును. కాని ఆ ఇంటిలో ఒక్కరును తనకు బదులుగా మరియొకరిని బండి యెక్కింపలేదు. ఆ కారణముననే ఆ గృహము పూజ్యమైనది. భగవత్కృప భీమసేనుని రూపమున ఆ గృహముననే దాగియుండెను.

నాకు తోచిన కొలమానము ఇదియే. "నేను ఎచ్చట నుండవలెను?" అనునది రెండవ ప్రశ్న. "నా క్షేమమునకై ఎవరిని బండి యెక్కించుచున్నాను?" అనునది మొదటి ప్రశ్న. మొదటిదానికి సమాధానము చెప్పుకొనక రెండవదానిని నిర్ణయించుటయే అధర్మము.

ఈ ప్రశ్న పోవువానికెంత వర్తించునో ఉండువానికిని అంత వర్తించును. ముదుసలి తల్లిని ఒంటరిగా విడిచి, నెలనెల డబ్బు పంపుటతో తీరెననుకొను కొడుకు ఆమెను బండి యెక్కించినాడు. ప్రయాణమునకు చేసిన అప్పును ఇంటి ఇల్లాలి తలపై పెట్టి, బాకీవాండ్రకు ఆమెయే సమాధానము చెప్పుకొనవలసినట్లు చేసి విమానమెక్కువాడును అంతే. ఇది అందరును ఒప్పుకొందురు. కాని ఊరిపై ప్రేమయను పేరుతో కొడుకుచేత చదివిన చదువు మాన్పించి, పని లేని చోట కట్టివేసిన తండ్రి మాటేమి? కూతురు పై చదువునకు పట్టణము పోవలసియుండగా, ఇల్లు తాళము పడునని ఆమె చదువు నాపిన పెద్దల మాటేమి? వారును పిల్లలను బండి యెక్కించుచున్నవారే. అది స్థలాభిమానమే గాని ధర్మము కాదు.

కుంతీదేవి చూపిన మార్గము

బకవధానంతరము జరిగినది గూడ గమనింపదగినది. అపాయము తొలగినది. ఊరు వారిని ఆదరించుచున్నది. అయినను ఏకచక్రపురము విడువవలెనని మొదట తలచినది కుంతీదేవియే. ఆమె పెద్ద కారణములు కల్పింపలేదు. ఇచ్చటి వనములు, తోటలు మరల మరల చూచినవే గనుక మునుపటి సంతోషమీయకున్నవనియు, భిక్షయు మునుపటివలె దొరకకున్నదనియు, ఒక్కచోట చిరకాలముండుట తనకు సమ్మతము కాదనియు, పాంచాలదేశమునకు పోదమనియు ధర్మరాజుతో అనెను. జీవనము తగ్గినదని చెప్పుటకు ఆమె సిగ్గుపడలేదు. జీవనార్థము ఊరు విడుచుట నీచమనుకొనువారు ఈ మాటను స్మరింపవలెను.

ఆమె ఆజ్ఞాపింపలేదు. నీకు సమ్మతమైననే పోదమనెను. ధర్మరాజు తన అంగీకారము తెలిపి, తమ్ముల మనసు తానెరుగననెను. అంతట కుంతి భీమార్జునులను, కవలలను వేరువేరుగా నడిగి, వారి సమ్మతి గైకొనెను. పిదప ఆశ్రయమిచ్చిన బ్రాహ్మణునకు చెప్పి, సెలవు పొంది బయలుదేరెను. కారణమును దాచకుండుట, ఇంటివారినందరిని అడుగుట, చిన్నవారి మాటకును విలువనిచ్చుట, ఋణపడినవారికి చెప్పి పోవుట, ఈ నాలుగును ఊరు విడుచు గృహస్థునకు నాలుగు విధులని నేను భావించుచున్నాను. తల్లియే కొడుకులనడిగినప్పుడు, కొడుకులు తల్లినడుగకుండుట ఎంత అన్యాయము! వృద్ధులను సామానుతోపాటు లారీలో చేర్చి పట్టణపు నాలుగవ అంతస్తునకు చేర్చువారు, తాము పితృసేవ చేయుచున్నామనియే తలంతురు. తులసికోట లేని ఇంట, పలుకరించు పొరుగు లేని చోట ఆ తల్లి ఏమగునో విచారింపరు.

అనంతాళ్వానుని గూర్చి పెద్దలు చెప్పు ఒక కథ ఇచ్చట స్మరణీయము. ఆయన తిరుమల దిగి పోవుచు దారిలో అన్నపు మూట విప్పగా దానిలో చీమలు కనబడినవట. కులశేఖరాళ్వారు ఆ కొండమీద ఏదో ఒకటిగా పుట్టి పడియుండిన చాలునని ప్రార్థించెను గదా, అట్టి భాగ్యము కోరి అచ్చట చీమలై పుట్టిన జీవులను నేను క్రిందికి తెచ్చితినే యని పరితపించి, ఆ మూటను మరల కొండకు చేర్పించెనట. అడుగకయే చీమను కూడ దాని చోటు నుండి కదల్పరాదని ఆ భాగవతోత్తముని హృదయము. ఆ అనంతాళ్వానుడే ఆచార్యుని ఆజ్ఞపై శ్రీరంగమును విడిచి, అడవియు చలియు గల తిరుమలకు పుష్పకైంకర్యార్థము వచ్చినవాడు. తాను పోవుటకు వెనుదీయలేదు. పరులను కదల్చుటకు మాత్రము జంకెను.

ఊరనగా ఏమి?

మరియొక సంగతి. మంజీర నదిపై 1923 నుండి 1931 వరకు నిజాంసాగరము కట్టబడినది. కాలువ నీరు పారిన పిదప కోస్తా జిల్లాల నుండి రైతులు బండ్లు కట్టుకొని వచ్చి, బోధను, వర్ని ప్రాంతముల పొలములు కొని, క్యాంపులను పేర పల్లెలు కట్టుకొనిరి. తమ తాతల ఊళ్ళను విడిచి వచ్చినవారు వారు. ఆనాడు వెనుకనున్న ముసలివారు ఎంత దుఃఖించిరో! నేడు వారి మనుమలకు ఆ క్యాంపుయే జన్మభూమి. దానిని విడువలేక వారు దుఃఖించుచున్నారు. తాతకు ప్రవాసమైనది మనుమనికి స్వస్థలమైనది. మట్టి మారలేదు. ఆ మట్టిలో చేసిన సేవ దానిని సొంతము చేసినది. ఇల్లు కట్టి, చెట్టు నాటి, రామాలయము నిలిపి, ఇరుగుపొరుగుల కష్టసుఖములు పంచుకొని వారు ఊరిని సంపాదించిరి. కావున ఊరు పుట్టుకతో వచ్చినంత మాత్రమున మనది కాదు. కొత్త నగరమైనంత మాత్రమున పరాయిదియు కాదు. సేవ చేయనివానికి పుట్టిన ఊరును సత్రమే.

ఇలవేల్పు సంగతి

శ్రీవైష్ణవ గృహస్థులకు ఒక సందేహము మిగులును. "ఊరి రామాలయమునకు మా వంశపు కైంకర్యము కలదు. ఇంట పెరుమాళ్ళున్నారు. మేము పోయిన స్వామి గతియేమి?" ఈ సందేహము గొప్పది. దీనికి సమాధానము శ్రీరంగనాథుడే ఇచ్చెను. 1323లో తురుష్కుల దండయాత్ర వచ్చినప్పుడు నంపెరుమాళ్ళు శ్రీరంగమును విడిచిరి. దక్షిణపు అడవులు, మలయాళదేశము, తిరునారాయణపురము దాటి తిరుమల చేరిరి. తిరుమలలో రంగనాయకుల మంటపము నేటికిని ఆ నివాసమునకు గుర్తుగా నిలిచియున్నది. 1371లో మరల శ్రీరంగమునకు వేంచేసిరి. నలుబదియెనిమిది సంవత్సరములు సర్వేశ్వరుడే ప్రవాసి. వార్ధక్యమున స్వామి వెంట నడచిన పిళ్ళై లోకాచార్యులు మార్గమధ్యముననే పరమపదించిరి. కదలుట దోషమైన స్వామి కదలునా? అయితే ఆ ప్రవాసమున కైంకర్యము తెగలేదు. అదియే మనము నేర్వవలసినది.

భగవద్రామానుజులును చోళరాజు వలని భయము చేత శ్రీరంగము విడిచి తిరునారాయణపురము చేరిరి. ఆ సమయమున కూరత్తాళ్వాన్ ఆచార్యుని కాషాయము తాను ధరించి రాజసభకు పోయి నేత్రములు కోల్పోయెను. ఆయనను ఎవరును బండి యెక్కింపలేదు. తానుగా ఎక్కెను. ఒకరు పోయి సంప్రదాయమును కాపాడిరి, ఒకరు ఉండి కాపాడిరి. ఎవరు అధికులని అడుగవచ్చునా? పండ్రెండేండ్లకు రామానుజులు మరల శ్రీరంగమునకు బయలుదేరగా తిరునారాయణపురపు శిష్యులు విలపించిరి. వారి కొరకు తమ అర్చామూర్తిని అచ్చట నిలుపుటకు అనుగ్రహించి గాని ఆయన కదలలేదు. పోవువాడు తనలో కొంత అచ్చట విడిచి పోవలెనను ధర్మము దీనివలన తెలియుచున్నది.

అందుచేత ఇంట సాలగ్రామమున్న వారు చేయరాని పని ఒక్కటి కలదు. పెరుమాళ్ళను పెట్టెలో నుంచి, ఇంటికి తాళము వేసి, పండుగకు వచ్చినప్పుడు చూతమనుకొనరాదు. తాళము పడిన ఇంట స్వామి ఆరగింపు లేక యుండగా, నగరమున మనకు కడుపునిండ భోజనమెట్లు సహించును? వెంట తీసికొనిపోవుడు. లేదా నిత్య తిరువారాధనము చేయగల భాగవతునకు చేతులారా అప్పగించుడు. ఆలయ కైంకర్యమునకును ఇదియే న్యాయము. వంతు వచ్చిన దినమున మనిషి లేకుండ చేసి పోవుట అధర్మము. తగినవానిని నిలిపి, వాని జీవనమునకు ఏర్పాటు చేసి పోవుట ధర్మము. వృద్ధులకు, పొలమునకు, పాలేరునకు, బాకీకి గూడ ఇట్లే. విడిచి పోవుట వేరు, అప్పగించి పోవుట వేరు.

"ఇవన్నియు చక్కబెట్టువరకు ఆగిన ఉద్యోగము నిలుచునా?" అని యువకులడుగుదురు. నిజమే. కాలము అందరకు ఆగదు. మూతపడిన కర్మాగారపు కార్మికునకు నాలుగు విధులను సావకాశముగా నడపు వీలులేకపోవచ్చును. ఆకలి తరుమగా పోయినవానిని శాస్త్రము నిందింపదు. ఆపద్ధర్మమని ఒకటి కలదు. కాని ఆపద తీరిన పిదపనైనను మిగిలిన ఋణమును తలచుకొనవలెను. శ్రీకృష్ణుడు వ్రజమును విడిచి మథురకు పోయి, అచ్చటి కార్యభారమున చిక్కియుండియు, నందయశోదలను, గోపికలను ఊరడించుటకు ఉద్ధవుని పంపెను. తాను పోలేని చోటికి తన ఆప్తుని పంపిన ఆ స్వామి మనకు ఆదర్శము. నేడు పలుకరించుటకు చేతిలోనే సాధనము కలదు. పలుకరింపకుండుటకు కారణము దూరము కాదు.

ఉన్నవారును పోయినవారిని ఊరి ద్రోహులని ఆడిపోసికొనరాదు. పోయినవారును ఉన్నవారిని చేతగానివారని చులకన చేయరాదు. శ్రీరామనవమికి ఇందల్వాయి రామాలయమున కల్యాణము జరుగునపుడు ఊరివాడును, హైదరాబాదు నుండి వచ్చినవాడును ఒక్క వరుసలోనే కూర్చుండి తలంబ్రాలు కన్నులకద్దుకొందురు. స్వామి ఎవరిని ఎచ్చటి వారని అడుగడు.

రామానుజులు అంతిమకాలమున శిష్యులకు చేసిన ఉపదేశములలో, శ్రీభాష్యము చదువుట మొదలుగా పలు మార్గములు చెప్పి, ఏదియు చేయలేనివాడు ఒక పరమభాగవతుని చెంత ఆయన అభిమానమునకు పాత్రుడై యుండిన చాలునని అనుగ్రహించిరని పెద్దలు చెప్పుదురు. కనుక ఏ నగరమునకు పోయినను మొదట అద్దె ఇంటిని గాక, ఆ వీధిలో తిరునామము పెట్టుకొన్న ఒక సజ్జనుని వెదకుడు. ఊరిలోనే యున్నను, ఒంటరిగా మిగిలిన పొరుగింటి వృద్ధునకు మీరే ఆ సజ్జనులు కండు.

పోవుటకు గాని నిలుచుటకు గాని ముందు, ఒక రాత్రి స్వామి సన్నిధిని దీపము వెలిగించి, ఇంటివారందరు కూర్చుండి, మనలో ఎవరినైనను బండి యెక్కించుచున్నామా యని అడిగికొనుడు. లేదని అందరును మనస్ఫూర్తిగా చెప్పగలిగిననాడు పంచాంగము తెరువవచ్చును. ఆ దినము ఏదైనను శుభదినమే. నిలిచిన ఇంటను, పోయిన దారిని శ్రీమన్నారాయణుడే రక్షకుడగుగాక.